మిగిలిన నాలుగు సిగార్లనీ తొందరపడి కాల్చకండి

మీ ప్రశ్నలో ముందు నా దృష్టి పడింది సిగార్ పేరు మీదా కాదు, ధర మీదా కాదు. జులై సాయంత్రం, వైజాగ్ ఎంవీపీ కాలనీలో మేడ మీద కాల్చానన్న మాట మీద. బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన 5 నికరాగువా రోబస్టో (పొట్టిగా, లావుగా ఉండే రకం) సిగార్లలో ఒకటి వెలిగించారు. పొగ లాగడం కష్టమైంది, రెండుసార్లు ఆరిపోయింది, సగం దాటాక చేదెక్కింది. సమీక్షల్లో 90 మార్కులిచ్చి వర్ణించిన కోకో, సీడర్ (దేవదారు లాంటి చెక్క), తోలు, మీగడ రుచుల్లో ఒక్కటీ తగల్లేదు. ఒక్కోటి సుమారు 1,200 రూపాయలు పడ్డ ఈ సిగార్ మంచిదా కాదా, లేక లోపం నా నాలుకదా అని అడిగారు.

ఆ సిగార్ మీద తీర్పు చెప్పడానికి ఇంకా టైమ్ రాలేదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ తడి ఎక్కువైన సిగార్ లక్షణాలు. నేను ఓడల మీద ఇంజనీరుగా పనిచేసిన రోజుల నుంచి సిగార్లు కాలుస్తున్నాను, ఇప్పుడు లాసన్స్ బే కాలనీలో ఉంటున్నాను. సముద్రానికి ఇంత దగ్గరలో సిగార్‌ని సరిగ్గా నిల్వ పెట్టకుండా దాని రుచి గురించి ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు. అందుకే ముందు నిల్వ సంగతి చెప్పి, తర్వాత రుచికి వస్తాను.

వీడియోల్లో చెప్పేవాళ్లలో చాలామంది పొడి గాలి ఉన్న దేశాలవాళ్లు. సిగార్ ఎండిపోకుండా తేమ ఎలా అందించాలన్నదే వాళ్ల బాధ. మన బాధ దానికి పూర్తిగా తలకిందులు. సిగార్‌కి 65 నుంచి 69 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి బాగుంటాయని ఎక్కువమంది ఒప్పుకునే లెక్క. వైజాగ్‌లో వానాకాలంలో గాలిలో తేమ 80 దాటడం మామూలు విషయం. ఆ గాలిలో వారం రోజులు డ్రాయర్‌లో ఉన్న సిగార్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బితే లోపల గాలి వెళ్లే సందులు మూసుకుపోతాయి. పొగ రాక మీరు గట్టిగా లాగుతారు. గట్టిగా లాగితే నిప్పు బాగా వేడెక్కి పొగ చేదవుతుంది. రెండు నిమిషాలు కబుర్లలో పడితే చాలు, ఆ తడిలో నిప్పు నిలవదు. ఆరిపోయినదాన్ని మళ్లీ వెలిగిస్తే చేదు ఇంకాస్త పెరుగుతుంది. మీ మేడ మీద జరిగింది ఇదేనని నాకు దాదాపు నమ్మకం.

కాబట్టి ముందు గాలిలో తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో వస్తుంది. వచ్చీ రాగానే అది చూపించే అంకెను నమ్మొద్దు. సీసా మూతలో సగానికి వంటింటి ఉప్పు పోసి, నాలుగైదు చుక్కల నీళ్లతో ముద్దగా తడపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ గాలి చొరని డబ్బాలో పక్కపక్కన పెట్టి మూసి, ఒక పూర్తి రోజు కదపకుండా వదిలేయండి. తడి ఉప్పున్న మూత డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, అది ఏ ఊళ్లోనైనా అంతే. మీ మీటర్ 79 చూపిస్తే 4 ఎక్కువ చూపిస్తోందన్నమాట. ఆ తేడా డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టుకోండి. ఈ పరీక్ష చేయకుండా నెలల తరబడి తప్పు అంకెను నమ్ముకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నిల్వకు రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. సిగార్లు దాచే చెక్క పెట్టె, అంటే హ్యూమిడార్, చూడ్డానికి బాగుంటుంది కానీ, వానాకాలంలో చెక్క కూడా తేమ పీలుస్తుంది, మూత సందుల్లోంచి బయటి గాలి వస్తూనే ఉంటుంది. డబ్బాలో బోవెడా లాంటి ప్యాకెట్ ఒకటి వేయండి. తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. అందులో తేమని 65 శాతం దగ్గర నిలిపే రకం తీసుకోండి. 72 మన ఊరికి అక్కర్లేదు. సిగార్ల మీదున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగు తీయాల్సిన పని లేదు, దానిలోంచి తేమ మెల్లగా అటూ ఇటూ వెళ్తూనే ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం అలా వదిలేయకండి. ఒక పక్క ఎండిపోతాయి, ఇంకో పక్క నిన్నటి చేపల పులుసు వాసన పట్టుకుంటాయి.

తేమ తర్వాత రెండో శత్రువు పురుగు. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉండిపోవచ్చు, వేడి 24, 25 డిగ్రీలు దాటితే పొదుగుతాయి. మన ఇళ్లలో మే నెలలో ఏసీ వేయని గది ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు. సిగార్ మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న రంధ్రం, పక్కన పొడి కనిపిస్తే అది పురుగే. మీ నాలుగింటి మీదా ముందు టార్చ్ వేసి చూడండి. అనుమానముంటే జిప్ కవర్లో గాలి తీసేసి డీప్ ఫ్రీజర్లో మూడు రోజులు, తర్వాత కింది అరలో ఒక రోజు, ఆ తర్వాత బయట. ఒక్కసారిగా చలిలోంచి వేడిలోకి తెస్తే పై ఆకు చిట్లుతుంది. ఇక తెల్లటి బూజులాంటిది కనబడితే, పాతబడిన మంచి సిగార్‌కి అలా తెల్లగా పూత వస్తుందని దుకాణాల్లో చెబుతారు. వినకండి. మన వాతావరణంలో అది బూజే అనుకోండి. మొదలు (వెలిగించే చివర) దగ్గర లోపలి ఆకుల్లోకి పాకి ఉంటే ఆ సిగార్ పారేయండి.

రుచికి వెళ్లేముందు ఆరోగ్యం గురించి సూటిగా ఒక మాట. సిగార్ పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోం కదా, ప్రమాదం లేదనేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. సిగార్ పొగలో నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంట్లోకి వెళ్తుంది. కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉంటుంది. నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు నిజమైనది. మన ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చడం మనందరం చూసిందే. శ్రీకాకుళం జిల్లాలో 10 వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం, ఆ అలవాటు అంగిలిని ఎంతగా పాడుచేస్తుందో వివరంగా చూపింది. అలవాటు లేనివాళ్లను కొత్తగా మొదలుపెట్టమని నేను ఎప్పుడూ చెప్పను. కాల్చేవాళ్లు ఎప్పుడో ఒకసారి, కడుపు నిండా తిన్నాక కాల్చండి. తల తిరిగితే వెంటనే ఆపి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్లు తాగి కూర్చోండి. బీచ్ రోడ్డులో జనం మధ్య అసలు వద్దు.

ఇప్పుడు అసలు విషయం, 1,200 రూపాయల సిగార్‌ని ఎలా తూచాలి అన్నది.

ఈ ధరలో నేను మొదట చూసేది రుచి కాదు, చుట్టిన పనితనం. సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల పొడవాటి ఆకుల కట్ట, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, పైన కనిపించే పై ఆకు. చౌక సరుకులో లోపల తుంపులుంటాయి, మీ ధరలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నిండు ఆకులుండాలి. వాటిని ఎలా మడిచి కట్టారన్న దాన్నిబట్టే పొగ వస్తుంది. సిగార్‌ని అరచేతిలో అడ్డంగా పెట్టి, బొటనవేలు, చూపుడువేలు మధ్య మొదలు నుంచి తల (నోట్లో పెట్టుకునే చివర) దాకా మెల్లగా నొక్కుకుంటూ వెళ్లండి. అంతటా ఒకేలా కొద్దిగా లొంగి, వేలు తీయగానే తిరిగి నిండాలి. ఒకచోట రాయిలా గట్టిగా తగిలితే అక్కడ ఆకు ముడిపడింది, పొగ అక్కడ ఆగుతుంది. ఒకచోట మెత్తగా దిగిపోతే అక్కడ ఆకు తక్కువైంది, వేడిగా కాలుతుంది. అంతటా మెత్తగా, బరువుగా ఉండి, వేలు తీసినా సొట్ట అలాగే ఉంటే తడి ఎక్కువైంది. చిటపటమంటే ఎండిపోయింది. రెండు మూడు సిగార్లతో ఇలా చేస్తే వేళ్లకు తేడా తెలిసిపోతుంది.

తర్వాత వాసన. వెలిగించని సిగార్ మొదలు దగ్గర ముక్కు పెట్టండి. ఎండుగడ్డి, పశువుల కొట్టం, చెక్క, ఎండుద్రాక్ష, ఇలాంటివి వస్తే మంచి సూచన. ముక్కు మండేలా ఘాటు అమ్మోనియా వస్తే, ఆకు ఇంకా సరిగ్గా మాగలేదు. పొగాకును పెద్ద గుట్టలుగా పేర్చి వేడెక్కనిచ్చి, తిరగేసి, మళ్లీ పేర్చి మాగబెడతారు, ఆ దశలోనే అమ్మోనియా పోతుంది. తొందరపడి చుట్టిన సరుకులో అది మిగిలిపోతుంది. అలాంటివాటిని కొన్ని నెలలు డబ్బాలో వదిలేస్తే చాలావరకు సర్దుకుంటాయి.

తల కోసేటప్పుడు పైనున్న టోపీ ఆకులో ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తీయాలి. టోపీ భుజం దాటి కోస్తే పై ఆకు మొత్తం విప్పుకుంటుంది. కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. కొద్దిపాటి అడ్డుతో గాలి రావాలి. బొత్తిగా రాకపోతే ఇంకో రోజు ఆరబెట్టండి, వెలిగించి కుస్తీ పట్టకండి.

వెలిగించడానికి గ్యాస్ లైటర్ వాడండి. పెట్రోల్ లైటర్ వాసన ఆకుకు పట్టుకుంటుంది. అగ్గిపుల్ల అయితే తల మండి గంధకం వాసన పోయేదాకా ఆగండి. మంటని మొదలుకు తగలనివ్వకుండా కింద పట్టుకుని, సిగార్ తిప్పుతూ అంచంతా ఎర్రబడనివ్వండి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోండి. మీ మేడ సమస్య ఇక్కడ కూడా ఉంది. సాయంత్రం సముద్రపు గాలికి ఒక పక్కే కాలిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే గదుల్లో కాల్చడం తప్పు కాబట్టి మేడ మీదే కూర్చోండి, కానీ మెట్ల గది గోడ చాటున.

నిమిషానికి ఒక దమ్ము మించొద్దు. పొగ నోట్లో నింపుకుని, నాలుక మీద తిప్పి వదలండి. నాలుగైదు దమ్ములకోసారి, వదిలే పొగలో కొంచెం మాత్రం ముక్కులోంచి పంపండి. సిగార్‌లో వాసనల తేడాలు ముక్కుకే తెలుస్తాయి, ఒక్క నాలుకతో మీరు పట్టుకునేది చేదు, తీపి, పులుపు, ఉప్పు లాంటి కొన్ని రుచులే. సమీక్షల్లో చెప్పిన సీడర్, కోకో మీకు తగలకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. మొదట్లో కళ్లు మండుతాయి, అందుకే కొంచెమే పంపమంటున్నాను.

ఆ సీడర్, తోలు పదాలను మీరు పట్టించుకోనక్కర్లేదు. రాసినవాడు తన ఇంట్లో, తన ఊళ్లో ఎరిగిన వాసనలతో పోల్చాడు. మీరు మీ వంటింట్లోంచి పోల్చండి. నికరాగువా సిగార్ మొదటి అంగుళంలో ముక్కులోంచి పొగ వదిలితే మిరియాల ఘాటు తగలడం చాలా మామూలు. ఆ తర్వాత వేయించిన వేరుశెనగలు, బాణలిలో రంగు మారుతున్న ధనియాలు, పాకం దాటి మాడబోతున్న బెల్లం, గట్టి కాఫీ డికాక్షన్, ఇవన్నీ నేను ఆ దేశపు సిగార్లలో పట్టుకున్నవే. చేదులో కూడా తేడా చూడండి. మాడిన కాఫీ చేదు బాగుంటుంది. వేపాకు నమిలినట్టు నాలుక వెనక నిలిచిపోయే చేదు బాగుండదు. పచ్చి అరటికాయ కొరికినట్టు నోరంతా పట్టేసే వగరు వస్తే ఆకు పచ్చిగా ఉంది. ఒక చిన్న నోట్‌బుక్‌లో మీకు తోచిన పదం రాసుకోండి, అది ఇంకెవరికీ అర్థం కాకపోయినా పర్వాలేదు.

రోబస్టో అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగ్ మందం. రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు కాబట్టి సుమారు 20 మిల్లీమీటర్లు. ముప్పావు గంట నుంచి గంట కాలుతుంది. దాన్ని మనసులో మూడు ముక్కలు చేసుకోండి. మొదటి ముక్క ఏ సిగార్‌లోనైనా బాగానే ఉంటుంది, దాన్నిబట్టి మార్కులు వేయొద్దు. నా దృష్టిలో మధ్య ధర సిగార్ సత్తా తేలేది రెండో ముక్కలో. అక్కడ రుచి మారాలి. మిరియం తగ్గి తీపి రావచ్చు, గింజల రుచి పోయి కాఫీ రావచ్చు. మొదటి నుంచీ ఒకటే రుచి నడిస్తే అది చెడ్డ సిగార్ కాదు, కానీ అంత డబ్బు పెట్టాల్సిన సిగార్ కూడా కాదు. చివరి ముక్కలో వేడి, చేదు కొంత వస్తాయి. వేళ్లకు సెగ తగిలే వేళకు ఆపేయండి. డబ్బు పెట్టాం కదా అని చివరిదాకా లాగాల్సిన పని లేదు.

బలం, రుచి రెండూ వేరు. తల తిరిగించే సిగార్‌లో రుచి చప్పగా ఉండొచ్చు, మెత్తటి సిగార్‌లో రుచులు దండిగా ఉండొచ్చు. మొక్క పై భాగంలో ఎండ ఎక్కువ తగిలే లిహెరో ఆకుల్లో బలం ఉంటుంది, కింది ఆకులు తేలిగ్గా ఉండి నిప్పు బాగా నిలుపుతాయి. నికరాగువాలో కూడా ఎస్తెలి లోయ ఆకు ఘాటుగా, హలాపా ఆకు తియ్యగా ఉంటాయి, తయారీదారు వీటిని కలిపి పాళ్లు చూసుకుంటాడు. పై ఆకు నల్లగా ఉంటే ఘాటు ఎక్కువని మనవాళ్ల నమ్మకం. మదురో అనే ఆ నల్లటి పై ఆకు ఎక్కువ కాలం మాగడం వల్ల నల్లబడుతుంది, చాలాసార్లు తియ్యగానే ఉంటుంది. మన లంక పొగాకు చుట్ట అలవాటున్నవాళ్లకు ఈ విషయం వెంటనే ఎక్కదు, ఎందుకంటే చుట్టలో మనం వెతికేదే ఘాటు. బూడిద గురించి కూడా చాలా చెబుతారు. అంగుళం దాకా రాలకుండా నిలిస్తే పనితనం బాగుంది, అంతకు మించి దాని తెలుపుని చూసి ఏమీ తేల్చలేం.

ధర మాటకొస్తే, ఈ 1,200లో పన్నులు, దుకాణదారుడి లాభం కూడా కలిసి ఉంటాయి. ఇది మధ్య ధర తరగతి సిగార్. ఆ తరగతి నుంచి నేను కచ్చితంగా కోరేవి మూడు: లాగడానికి ఇబ్బంది ఉండకూడదు, కాలే గీత పెద్దగా వంకర పోకూడదు, రెండో ముక్కలో రుచి మారాలి. అరుదైన పై ఆకు, పదేళ్లు పాతబడిన పొగాకు ఈ ధరలో ఆశించడం న్యాయం కాదు. ఇదే ధరకు క్యూబా ఖరీదైన బ్రాండ్ కోహిబా ఇస్తామని ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి. 2022లో కోహిబా ధరలు ప్రపంచమంతటా బాగా పెంచారు, అప్పటి నుంచి నకిలీ సరుకు ఇంకా లాభసాటి అయింది. గాజు మూత పెట్టెలో కోహిబాలు చూపిస్తే అది నకిలీయే, ఇంకేమీ పరీక్షించక్కర్లేదు. మన దేశంలో దుకాణాల్లో చట్టప్రకారం అమ్మే పెట్టె మీద మన దేశపు బొమ్మ హెచ్చరిక ఉండాలి, అది లేకుండా ఇక్కడ అమ్మితే దొంగదారిలో వచ్చిన సరుకు.

మీ నాలుగింటికి నా సలహా ఇది. నాలుగూ 65 ప్యాకెట్‌తో డబ్బాలో మూడు వారాలు ఉంచండి. తర్వాత ఒకటి తీసి, రాత్రి ఏసీ వేసే పడకగదిలో బల్ల మీద ఒక రాత్రి వదిలేయండి, ఆ పొడి గాలికి పైపై తడి పోతుంది. మర్నాడు భోజనం చేసిన గంటకు, నోరు నీళ్లతో కడుక్కుని కాల్చండి. పక్కన మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. చక్కెర, పాలు లేని అరకు కాఫీ సిగార్ పక్కన నాకెంతో ఇష్టం, కానీ పరీక్ష రోజున కాదు. రెండోది పది రోజుల తర్వాత ఇలాగే. ఈసారి ముందే మీ శ్రీమతి చేతికో, స్నేహితుడి చేతికో ఇచ్చి బ్యాండ్ (సిగార్ పేరున్న కాగితపు పట్టీ) తీయించి, దాదాపు ఇదే ధర ఉన్న ఇంకో సిగార్ బ్యాండ్ కూడా తీయించి, ఏది ఏదో తెలియకుండా రెండు రోజుల్లో రెండూ కాల్చండి. పెద్ద సిగార్ పత్రికలు కూడా బ్యాండ్ తీసేసే మార్కులు వేస్తాయి. చేత్తో చుట్టినవి కాబట్టి ఒకే పెట్టెలో రెండు ఒకలా ఉండవు, ఒక్కదాన్ని చూసి అంతా ఇంతే అనుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

ఈ రెండూ సాఫీగా కాలి, మీ నోట్‌బుక్‌లో మొదటి ముక్కకూ రెండో ముక్కకూ వేరువేరు పదాలు పడితే, 1,200 సరైన ధరే, బావమరిది ఈసారి వచ్చేటప్పుడు మళ్లీ తెమ్మనండి. అప్పటికీ లాగడం కష్టంగా ఉంటే లోపం చుట్టినవాళ్లదే. లాగడం బాగుండి వగరు మాత్రం పోకపోతే, మిగతా రెండూ జనవరి దాకా డబ్బాలోంచి తీయకండి. ఏది జరిగిందో ఇక్కడే రాయండి, సిగార్ పేరు, పెట్టె మీద తయారీ తేదీ ఉంటే అది కూడా చెప్పండి, అప్పుడు ఇంకొంచెం కచ్చితంగా మాట్లాడుకోవచ్చు.